నౌకాయానానికీ విమానయానానికీ ఒకే కంజి: ‘కో’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జపనీస్ నేర్చుకుంటూ మధ్యస్థాయికి చేరిన తెలుగువారు, ఎడమవైపు పడవ గుర్తుతో ‘కో’ అని పలికే కంజి (చైనా నుంచి జపనీస్‌లోకి వచ్చిన భావాక్షరం) దగ్గరకు వచ్చేసరికి ఇంచుమించు ఒకే రకమైన సందేహాలు అడుగుతున్నారు. వాటిని ఇక్కడ దశలవారీగా చేర్చాం. జపనీస్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి; వాటిలోని హ్రస్వదీర్ఘాలను, ద్విత్వాలను రాసినవి రాసినట్లే పలకాలి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా ఉంది కనుక కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఈ కంజికి అర్థం ఓడా, ప్రయాణమా?

ప్రయాణమే. నీటి మీదో గాలిలోనో ఒక మార్గం పట్టుకుని సాగిపోవడాన్ని ఈ కంజి చెబుతుంది తప్ప, సాగిపోయే వాహనాన్ని కాదు. ఓడకు ‘ఫునె’ అనే వేరే కంజి ఉంది, సంయుక్త పదాల్లో దాన్ని ‘సెన్’ అంటారు. తెలుగులో నౌకాయానం, విమానయానం అన్న మాటల్లో ‘యానం’ చేసే పనినే కోకై (సముద్రయానం), కోకూ (విమానయానం) అన్న మాటల్లో ‘కో’ చేస్తుంది. అయితే మన ‘యానం’ ఎప్పుడూ చివరనే నిలబడుతుంది, ‘కో’ మాత్రం పదం మొదట్లోనూ వస్తుంది, చివరా వస్తుంది. రైళ్లకూ బస్సులకూ ఈ కంజి వాడరు.

పడవ గుర్తు ఉన్న అక్షరాన్ని విమానాలకు ఎలా వాడుతున్నారు?

విమానాలు పుట్టేనాటికి ఓడల పరిభాష సిద్ధంగా ఉంది. మార్గాన్ని లెక్కగట్టి, దిక్కు చూసుకుంటూ, ఒక రేవు నుంచి మరో రేవుకు చేరడం అన్న ఆలోచనను అలాగే ఆకాశానికి ఎక్కించారు. కోకూలో రెండో అక్షరం ‘కూ’కు ఆకాశమని అర్థం. విమానాశ్రయాన్ని ‘కూకో’ అనడంలోనూ ఇదే చూపు ఉంది, అది మాటకు మాట ‘ఆకాశపు రేవు’. నేటి జపాన్‌లో ఈ కంజి ఓడరేవుల్లో కంటే విమాన టికెట్ల మీదే ఎక్కువమందికి ఎదురవుతుంది.

దీన్ని ఏ స్థాయిలో నేర్చుకోవాలి?

జపాన్ పిల్లలు ప్రాథమిక పాఠశాల 5వ తరగతిలో నేర్చుకుంటారు. 2020 ఏప్రిల్‌కు ముందు ఇది 4వ తరగతిలో ఉండేది. రాష్ట్రాల వంటి పాలనా విభాగాల పేర్లలో వచ్చే 20 కంజిలను 4వ తరగతిలో చేర్చినప్పుడు, దీనితోపాటు మరికొన్నిటిని పై తరగతికి జరిపారు. ప్రాథమిక పాఠశాలలో నేర్పే 1,026 కంజిలలోనూ, నిత్యవాడుక కోసం ప్రభుత్వం ప్రకటించిన 2,136 జోయో కంజిలలోనూ ఇది ఉంది. జపనీస్ సామర్థ్య పరీక్షకు 2010 తరువాత అధికారిక కంజి జాబితా ప్రకటించడం లేదు, కాబట్టి ‘ఇది ఫలానా స్థాయి కంజి’ అని పుస్తకాలు చెప్పేవన్నీ అంచనాలే. మా సలహా ఏమిటంటే, ఆకాశం, సముద్రం, దారి అన్న మూడు కంజిలు వచ్చాక దీన్ని వాయిదా వేయనక్కరలేదు, ఎందుకంటే ఆ మూడింటితో కలిసి కోకూ, కోకై, కోరొ (ఓడల మార్గం) వెంటనే చేతికి వస్తాయి.

ఇది ఒక్కటే ఒక పదంగా వస్తుందా?

రాదు. జోయో జాబితాలో దీనికి ‘కో’ అనే ఒన్‌యొమి ఒక్కటే ఉంది, అంటే చైనీస్ నుంచి వచ్చిన ఉచ్చారణ. దేశీయ ఉచ్చారణ అయిన కున్‌యొమి లేదు. అందువల్ల మనుషుల పేర్లలో తప్ప ఎప్పుడూ మరో కంజితో జతగానే కనిపిస్తుంది. ఒక్కదాన్నే వందసార్లు రాసి బట్టీపట్టినా చదవడంలో పెద్దగా ఉపయోగపడదు. పదాలతోనే నేర్చుకోవాలి.

## రాయడం, గుర్తించడం

ఎన్ని గీతలు? నేను లెక్కపెడితే 11, 12 వస్తున్నాయి.

ఎడమ పడవ భాగానికి 6, కుడి భాగానికి 4, మొత్తం 10. అంతకన్నా ఎక్కువ వస్తున్నాయంటే, మలుపు తిరిగే గీతను రెండుగా లెక్కపెడుతున్నారన్న మాట. అలా పొరపడే చోట్లు రెండున్నాయి. పడవ భాగంలో అడ్డంగా వెళ్లి కుడిపక్కన కిందికి దిగి కొక్కెంలా ముగిసేది ఒకే గీత. కుడి భాగంలో చిట్టచివరిది కూడా అంతే: అడ్డంగా వెళ్లి, కిందికి దిగి, కుడివైపు వంగి, పైకి లేచి ఆగేదాకా కలం ఎత్తకూడదు. అచ్చు నిఘంటువుల్లో గీతల సంఖ్యను బట్టి వెతికేవారు ఈ లెక్క తప్పితే పుట దొరక్క తిప్పలు పడతారు.

ఏ గీత తరువాత ఏ గీత?

ఎడమ భాగం పూర్తయ్యాకే కుడి భాగం. పడవ భాగంలో పైన ఎడమకు వాలే పొట్టి గీత మొదటిది, ఎడమ గోడ రెండోది, పైకప్పూ కుడి గోడా కలిసిన గీత మూడోది. లోపలి చిన్న గీతలు ఆ తరువాతే. కుడి భాగంలో పైన పొట్టి గీత, దాని కింద అడ్డగీత, ఆపై ఎడమకు జారే గీత, చివర వంపు తిరిగి పైకి లేచే గీత. పడవ విడి అక్షరంగా ఉన్నప్పుడు మధ్య అడ్డగీత రెండు గోడలనూ దాటి బయటికి వస్తుంది కాని, ఇక్కడ ఎడమ భాగంగా ఇరుకుగా ఉన్నందువల్ల కుడి గోడ దాటకుండా ఆపాలి.

ఎడమ భాగం నాకు పడవలాగే అనిపించడం లేదు. ఎలా గుర్తుపెట్టుకోను?

పడవలా కనిపించి తీరాలన్న పట్టుదల వద్దు. దాని పేరు ‘ఫునెహెన్’, అంటే ‘ఎడమన నిలిచే పడవ’. నిఘంటువుల్లో కంజిలను వర్గీకరించే మూల భాగాలైన సంప్రదాయ 214 బుషుల వరుసలో అది 137వది. ఒకసారి గుర్తుపడితే ఓడ, నౌక, చిన్న పడవ, యుద్ధనౌక అన్న మాటల కంజిలన్నిటిలోనూ ఎడమన అదే కనిపిస్తుంది. బొమ్మ ఊహించుకోవడం కంటే ఈ కుటుంబాన్ని పక్కపక్కన రాసి చూసుకోవడమే త్వరగా పనిచేస్తుంది.

కుడి భాగానికి అర్థం ఏమిటి? దానికి కథ అల్లుకోవచ్చా?

అల్లుకోవచ్చు కాని అవసరం లేదు. ఇది ‘కేసెయి మొజి’ అనే తరగతికి చెందిన కంజి. ఆ తరగతిలో ఒక భాగం అర్థాన్ని, మరో భాగం ధ్వనిని అందిస్తాయి. మూతలాంటి పైభాగం, రెండు కాళ్ల కింది భాగం ఉన్న ఈ కుడి ముక్క పని ‘కో’ అని పలికించడమే. ఇదే ముక్కకు ఎడమన చేతి గుర్తు పెడితే ‘తేకో’ (ప్రతిఘటన) అన్న మాటలోని ‘కో’ అవుతుంది. మట్టి గుర్తు పెడితే ‘తన్‌కో’ (బొగ్గుగని) అన్న మాటలోని ‘కో’ అవుతుంది. పడవ గుర్తు పెడితే మన కంజి అవుతుంది. చెయ్యి, మట్టి, పడవ: ఎడమ ముక్క మారితే అర్థం మారుతుంది, ధ్వని మాత్రం కదలదు. ఈ మూడింటినీ ఒకే రోజు నేర్చుకోవడం మంచిది. మూతకూ కాళ్లకూ చిత్రమైన కథలు చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటివల్ల ఆకారం గుర్తుంటుందేమో కాని ఉచ్చారణ గుర్తుండదు, పరీక్షలో ఇబ్బంది పెట్టేది ఉచ్చారణే.

దీన్ని ఏ కంజిలతో పొరబడే ప్రమాదం ఉంది?

‘ఇప్పన్’ (సాధారణం) అన్న మాటలోని ‘హన్’ కంజితో ఎక్కువ. దానికీ ఎడమన పడవే ఉంటుంది, గీతలూ 10. కుడివైపు కింది భాగంలో రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, అదే తేడా. ఓడ అని అర్థమిచ్చే ‘సెన్’లో కుడివైపు కింద చతురస్రం ఉంటుంది. ‘సెన్‌పకు’ (నౌకలు) అన్న మాటలో రెండో కంజికి కుడివైపు ‘తెలుపు’ కంజి ఉంటుంది.

ఫోన్‌లో దీన్ని ఎలా తెప్పించాలి?

జపనీస్ కీబోర్డు పెట్టుకుని, కానా అక్షరాల్లో (ధ్వనిని మాత్రమే చూపే జపనీస్ అక్షరాలు) కొ, ఉ, కు, ఉ అని వరుసగా కొడితే కోకూ (విమానయానం) సూచనల్లో కనిపిస్తుంది; అందులో మొదటి అక్షరమే ఇది. ఒక్క ‘కొ, ఉ’ మాత్రమే కొడితే ఆ ధ్వని ఉన్న కంజిలు కుప్పలుగా వచ్చి పడతాయి. దీర్ఘమైన ‘కో’ను కానాలో ‘కొ’ తరువాత ‘ఉ’ పెట్టి రాస్తారని, రెండోసారి ‘ఒ’ పెట్టకూడదని గమనించాలి.

## పలకడం, వినడం

దీర్ఘం తప్పితే అంత నష్టమా?

ఈ కంజి విషయంలో పరువు నష్టమే. ఓడ లేదా విమాన సర్వీసు నడవడాన్ని ‘ఉన్‌కో’ అంటారు. చివరి దీర్ఘం మింగేసి ‘ఉన్‌కొ’ అంటే, అది చిన్నపిల్లలు మలానికి వాడే మాట. ఎ-ఏ, ఒ-ఓ తేడాను అక్షరంలోనే చూపించే లిపి మనది కనుక, ఇంగ్లీషు అక్షరాల్లో చదువుకునేవారికి లేని సౌలభ్యం తెలుగువారికి ఉంది. కెక్కో, షుక్కో, మిక్కో వంటి మాటల్లోని ద్విత్వాలు కూడా మనకు అలవాటైనవే. చిక్కు మరోచోట ఉంది: తెలుగు మాట హ్రస్వ ‘ఒ’తో ముగియడం అరుదు కనుక ‘కోరొ’ను మనకు తెలియకుండానే ‘కోరో’ చేస్తాం. విదేశీ ప్రయాణమనే అర్థం గల ‘తొకో’లో మొదటిది హ్రస్వం, రెండోది దీర్ఘం, దాన్ని ‘తోకో’ అనేవారు చాలామంది.

జపనీస్‌లో ‘కో’ అని పలికే కంజిలు ఇన్ని ఎందుకున్నాయి?

చైనీస్‌లో వేరువేరుగా ఉన్న ధ్వనులు జపనీస్‌లోకి వచ్చాక ఒక్కటైపోయాయి. పదాంతంలోని ముక్కుతో పలికే ‘ంగ్’ జపనీస్‌లో దీర్ఘ అచ్చుగా మారింది, మొదటి హకారం లాంటి ధ్వని కకారమైంది. నేటి చైనీస్‌లో ఈ అక్షరం ‘హాంగ్’, సముద్రం ‘హాయ్’. జపనీస్‌లో అవే ‘కో’, ‘కై’. రేవు అనే అర్థం గల ‘గాంగ్’ కూడా ‘కో’ అయింది. ఇన్ని ‘కో’లను విడివిడిగా గుర్తుపెట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు, జపాన్‌వారు కూడా పదంతో కలిపి చెప్పుకునే గుర్తుపడతారు. ‘కోకూలోని కో’ అంటే ఏ కంజో వారికి వెంటనే తెలుస్తుంది.

‘కోకై’ అంటే సముద్రయానం అన్నారు, మా పుస్తకంలో పశ్చాత్తాపం అని ఉంది. ఏది సరి?

రెండూ సరైనవే. సముద్రయానం, పశ్చాత్తాపం, బహిరంగపరచడం, చైనా తీరంలోని పసుపు సముద్రం: ఈ నాలుగూ ‘కోకై’లే, నాలుగింటికీ కంజిలు వేరు. క్రియను చూస్తే కొంత తేలుతుంది, ‘కోకైని దెరు’ (బయలుదేరు) అంటే ఓడ ప్రయాణమే. ‘కోకై సురు’ అన్నప్పుడు మాత్రం సందర్భాన్ని బట్టే తెలుసుకోవాలి. రోజువారీ మాటల్లో పశ్చాత్తాపానికే అవకాశం ఎక్కువ, సముద్రయానం మాట సాధారణంగా రాతలోనూ వృత్తిలోనూ వినిపిస్తుంది.

## పదాలు

ముందు ఏ పదాలు నేర్చుకోవాలి?

టికెట్ కొనేవారికి కోకూకెన్ (విమాన టికెట్), కోకూగైష (విమాన సంస్థ), పార్సిల్ పంపేవారికి కోకూబిన్ (విమాన తపాలా). తరువాత ప్రయాణానికి అడ్డుపడే మాటలు: ఉన్‌కో (సర్వీసు నడపడం), కెక్కో (సర్వీసు రద్దు). చాలా పాఠ్యపుస్తకాలు కోకై (సముద్రయానం)తో మొదలుపెడతాయి. అర్థం వివరించడానికి అది తేలికే అయినా, జపాన్‌లో నెల రోజులున్నా ఎక్కడా ఎదురుకాకపోవచ్చు.

కోకూ, కూకో ఎప్పుడూ తారుమారవుతున్నాయి. ఏం చేయాలి?

ఇవి తిరగేసిన మాటలు కావు. వాటిలోని ‘కో’లు రెండు వేరు కంజిలు. కోకూ (విమానయానం)లో ఉన్నది ఎడమన పడవ ఉన్న ‘కో’. కూకో (విమానాశ్రయం)లో ఉన్నది రేవు అని అర్థమిచ్చే ‘కో’, దానికి ఎడమన నీటి గుర్తైన మూడు చుక్కలు ఉంటాయి. చెవితో కాక కంటితో నేర్చుకుంటే తికమక తగ్గుతుంది: పడవ కనిపిస్తే ప్రయాణం, నీటిచుక్కలు కనిపిస్తే స్థలం.

రైలు నడవడం కూడా ‘ఉన్‌కో’ అన్నారు. అదీ ఈ కంజేనా?

కాదు. ఓడలూ విమానాలూ నడిచే ఉన్‌కోలో పడవ గుర్తున్న కంజి రాస్తారు. రైళ్లూ బస్సులూ నడిచే ఉన్‌కోలో ‘వెళ్లు’ అనే అర్థం గల కంజి రాస్తారు. ఉచ్చారణలో తేడా లేదు, రాయడంలో తప్పితే తప్పే. రద్దు విషయంలో మాత్రం మాటలే వేరు: విమానం, ఓడ రద్దయితే కెక్కో, రైలు రద్దయితే ఉన్‌క్యూ.

‘షుక్కో’ను రెండు రకాలుగా రాస్తున్నారు. తేడా ఏమిటి?

పడవ గుర్తున్న కంజితో రాస్తే ప్రయాణం మొదలుపెట్టడం, ఇది ఓడకూ విమానానికీ చెల్లుతుంది. రేవు కంజితో రాస్తే రేవు వదిలి బయటికి రావడం, ఇది ఓడకే.

వార్తల్లో సముద్రం లేకపోయినా ‘నన్‌కో’ అని వస్తోంది. ఎందుకు?

నన్‌కోకు మొదటి అర్థం తుపానులో ఓడ కష్టంగా సాగడం. దాన్ని ముందుకు కదలని చర్చలకూ, వారసత్వ తగాదాలకూ, నిర్మాణ పనులకూ వాడుతున్నారు. ‘కోషో గ నన్‌కో’ అంటే చర్చలు ముడిపడి కదలడం లేదని అర్థం. ఈరోజు పత్రికల్లో ఈ వాడుకే ఎక్కువ. మందుల దుకాణంలో అదే మాట వినిపిస్తే అది వేరే కంజిల పదం, పైపూత మందు.

‘తొకో’, ‘రైకో’ రెండూ ప్రయాణాలే కదా?

దిక్కు వేరు. తొకో అంటే ఇక్కడి నుంచి సముద్రం దాటి వెళ్లడం. జపాన్ విదేశాంగ శాఖ ప్రమాద హెచ్చరికల్లో 3వ స్థాయికి ‘తొకో చూషి కన్‌కొకు’ అని పేరు, అంటే ఆ దేశానికి ప్రయాణం మానుకోవాలన్న సలహా. రైకో అంటే అవతలి నుంచి ఓడలో రావడం, అది ఎక్కువగా చరిత్ర పాఠాల్లోనే కనిపిస్తుంది. 1853లో అమెరికా నౌకాధికారి పెర్రీ నాలుగు ఓడలతో ఉరగ తీరానికి వచ్చిన ఘటనను ‘కురొఫునె రైకో’ అంటారు, నల్ల ఓడల రాక అని.

## జపాన్‌లో ఉన్నప్పుడు

రేవులో బోర్డు మీద ‘కెక్కో’ అని చూశాను. ‘బాగుంది’ అని అనుకోవచ్చా?

అనుకోవద్దు, ఓడ కదలదని అర్థం. చెవికి ‘కెక్కో’ అని వినిపించే మాటలు కనీసం మూడున్నాయి. పడవ గుర్తున్న కంజితో ముగిసేది సర్వీసు రద్దు. ‘కెక్కో దెసు’ అన్నప్పటిది ‘బాగుంది’ లేదా ‘వద్దులెండి’. మూడోది అనుకున్నది అనుకున్నట్లు జరిపి తీరడం. ఉత్సవాల పోస్టర్ల మీద ‘కొసమె కెక్కో’ అని ఉంటే చినుకులు పడినా కార్యక్రమం ఆగదని అర్థం. రద్దుకూ, జరిపి తీరడానికీ ఒకే ధ్వని ఉండడం కొత్తవారికి అన్యాయంగానే తోస్తుంది. అందుకే విన్నదాన్ని నమ్ముకోక బోర్డు చూడాలి: చివరి కంజిలో పడవ ఉంటే ప్రయాణం లేనట్లే. తుపాను కాలంలో ఒకినావా వైపు వెళ్లేవారికి ‘జెన్‌బిన్ కెక్కో’ (అన్ని సర్వీసులూ రద్దు) అన్న ప్రకటన తరచుగా కనిపిస్తుంది.

‘జోకెన్ త్సుకి ఉన్‌కో’ అని టికెట్ మీద ఉంది. ఓడ వెళుతుందా, వెళ్లదా?

బయలుదేరుతుంది, చేరుతుందన్న హామీ లేదు. గమ్యంలో వాతావరణం బాగాలేనప్పుడు, దిగలేకపోతే వెనక్కి తిరుగుతామనో, మరోచోటికి వెళతామనో ముందే చెప్పి నడిపే సర్వీసు ఇది. దీవులకు వెళ్లే ఓడలకూ విమానాలకూ ఈ షరతు మామూలే. మరునాటికి తప్పనిసరి పని ఉన్నవారు ఈ మాట చూశాక సిబ్బందిని అడిగి నిర్ణయించుకోవాలి.

విమాన సంస్థల పేర్లన్నిటిలో ఈ కంజి ఉంటుందా?

ఉండదు. 1951లో ఏర్పడిన జపాన్ ఎయిర్‌లైన్స్ జపనీస్ పేరు ‘నిహొన్ కోకూ’, అందులో ఉంది. ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ పేరు ‘జెన్ నిప్పొన్ కూయు’, అందులో ఆకాశం, రవాణా కంజిలు ఉన్నాయి కాని ఇది లేదు. 2003లో ఏర్పడిన జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా పూర్తి పేరులో ‘ఉచూ కోకూ’ అని వస్తుంది. విమానవాహక నౌక ‘కోకూ బొకన్’ను కుదించి ‘కూబొ’ అన్నప్పుడు ఈ కంజే జారిపోతుంది.

## ఇంకొంచెం లోతుగా

మర్చంట్ నేవీలో పనిచేస్తున్నాను. నాకు పనికొచ్చే పదాలేవి?

విశాఖపట్నం వంటి రేవు పట్టణాల నుంచి నౌకల మీదికి వెళ్లినవారు ఈ ప్రశ్న అడుగుతుంటారు. డెక్ అధికారిని కోకైషి అంటారు. చీఫ్ ఆఫీసర్ ఇత్తో కోకైషి, సెకండ్ ఆఫీసర్ నితో కోకైషి, థర్డ్ ఆఫీసర్ సన్‌తో కోకైషి. లాగ్ పుస్తకం కోకై నిష్షి, ఓడ వెనుక నీటిమీద మిగిలే జాడ కోసెకి. జపాన్ అధికారుల లైసెన్సు ‘కైగిషి’. డెక్ విభాగానికైతే దాని పక్కన బ్రాకెట్లలో ‘కోకై’ అని ఉంటుంది. దిక్సూచి ‘రషిన్‌బన్’, చుక్కాని ‘కజి’, వీటిలో ఈ కంజి రాదు. నాటికల్ మైలు ‘కైరి’, అది 1,852 మీటర్లు.

‘కోరొ’ అంటే విమాన మార్గం కూడానా?

అనవచ్చు, అయినా ముందు తట్టేది ఓడల మార్గమే. అఒమొరి, హకొదతెల మధ్య 1908 నుంచి 1988 దాకా రైల్వే ఓడలు నడిచిన మార్గం ‘సెయికన్ కోరొ’గా పేరుపడింది; సముద్రం కింద సొరంగం తెరిచాక ఆ రైల్వే ఓడలు ఆగిపోయాయి. ఆకాశమార్గాన్ని స్పష్టంగా చెప్పాలంటే ‘కోకూరొ’ అనాలి.

తెరచాప పడవ నడపడానికి కూడా ఇదే కంజి వాడాలా?

తెరచాప ప్రసక్తి వస్తే ‘హొ’ అనే కంజి కావాలి, సంయుక్త పదాల్లో అది ‘హన్’. తెరచాప ఓడ హన్‌సెన్, చాపతో సాగడం హన్‌సో. 1930 నాటి శిక్షణ ఓడ నిప్పొన్ మరు హన్‌సెనే, దాన్ని ఇప్పుడు యొకొహమలో చూడవచ్చు. అది చేసిన సుదీర్ఘ ప్రయాణాలు మాత్రం కోకైలే.

చైనీస్ లేదా కొరియన్ వచ్చినవారికి ఇది సులువా?

ఆకారం చైనీస్‌లో మారలేదు, సరళీకృత లిపిలోనూ ఇదే. కొరియన్‌లో ధ్వని ‘హంగ్’. కొరియన్ ఎయిర్ సంస్థ పేరు ‘దేహన్ హంగోంగ్’లో ఉన్నది ఈ అక్షరమే.

ఒక వ్యక్తి పేరుగా ఈ కంజి ఒక్కటే ఉంది. ‘కో’ అని పిలవాలా?

అడగకుండా పిలవవద్దు. మగవారి పేరుగా దీన్ని ‘వతరు’ అని చదవడం చాలా మామూలు. ‘వతరు’ అంటే దాటడం, ఆ క్రియకు వేరే కంజి ఉన్నా పేర్లలో ఈ అక్షరానికి ఆ ఉచ్చారణ స్థిరపడింది. ‘కో’ అని పెట్టుకున్నవారూ ఉన్నారు. విజిటింగ్ కార్డు మీద కానా లేకపోతే ‘నన్ తొ ఒయొమి సురు నొ దెసుక’ (ఎలా చదవాలండీ) అని అడగడం అక్కడ మర్యాదే.